హాస్యనటుని జమాఖర్చు: పద్మనాభము చలనచిత్ర జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగపాఠము)



నవ్వు నాలుగు విధముల చేటు అను సామెత మన పల్లెలలో పెరిగిన ప్రతివాడును పెద్దల నోట వినియే యుండును. అయినను ఆ పెద్దలే, పంట ఇల్లు చేరిన పిదప పగటివేషగాండ్రు ఊరిలోనికి వచ్చినప్పుడు అరుగులమీద కూర్చుండి కడుపుబ్బ నవ్వుదురు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు తెరమీదికి వచ్చు వేళకు, నిద్రపోవు పిల్లలను తట్టి లేపుదురు. కావున ఆ సామెత నిషేధించినది పరులను కించపరచు నవ్వునే గాని, పగలంతయు పొలములో వంగిన నడుమునకు విశ్రాంతినిచ్చు నవ్వును గాదు.

గ్రంథాలయ రజతోత్సవమున ఒక సినిమా హాస్యనటుని గూర్చి ప్రసంగించుట తగునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. భారత భాగవతములు, ప్రబంధములు, నవలలు కొలువుదీరిన ఈ బీరువాల నడుమ అతనికి ఏమి పని? ఈ సందేహమునకు భరతముని ఏనాడో సమాధానము చెప్పియున్నాడు. నాట్యశాస్త్రమున ఆయన పేర్కొన్న రసములు ఎనిమిది. వానిలో శృంగారము మొదటిది, హాస్యము రెండవది. హాస్యమునకు వర్ణము తెలుపు, అధిదేవతలు ప్రమథులు. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆరు తెగలుగా విభజించి, మొదటి రెండును ఉత్తములవి, నడిమి రెండును మధ్యములవి, కడపటి రెండును అధములవి యని మునీంద్రుడు లెక్క కట్టెను. నవ్వునకు ఇంత లెక్క కట్టిన జాతి దానిని చిన్నచూపు చూచినదని ఎవరనగలరు?

చిన్నచూపు చూచినది నవ్వును గాదు, నవ్వించువానిని. దీనికి నిదర్శనము తెనాలి రామకృష్ణుడు. ఆయన పేరు చెప్పిన వెంటనే పిల్లి కథయో, వంకాయల కథయో చెప్పని తెలుగు బాలుడు లేడు. కాని ఆయన పాండురంగ మాహాత్మ్యమను గంభీరమైన కావ్యమును రచించెననియు, ఉద్భటారాధ్య చరిత్రమును వ్రాసెననియు ఎందరెరుగుదురు? నవ్వించినవాని నోట మనము మరల నవ్వునే కోరుదుము. అతడొక్కమారు గంభీరమైన మాట చెప్పబోయినచో, ఇదియు హాస్యమే కాబోలునని నవ్వుటకు సిద్ధపడుదుము. నవ్వించువాని హృదయములో పెద్ద కోరిక యుండుననియు, ఆ కోరికకు వెల అతడే చెల్లించుకొనవలసివచ్చుననియు తెలుగు చలనచిత్ర రంగమున స్పష్టముగా చూపిన వ్యక్తి పద్మనాభము. అతని జీవితమే నేటి ప్రసంగ విషయము.

పద్మనాభము పూర్తిపేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. 1931వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన కడప మండలములోని సింహాద్రిపురమున జన్మించెను. రాయలసీమ పల్లెలలో పద్యనాటకమునకు గల ఆదరణ మనకు తెలియనిది గాదు. అతడు బాల్యముననే పద్యము నేర్చెను, పాట నేర్చెను. కుర్రవయస్సులోనే మద్రాసు నగరమునకు చేరి, కన్నాంబ, కడారు నాగభూషణము దంపతుల ప్రాపున నాటకములందు, చిత్రములందు ప్రవేశము సంపాదించెను. 1945 ప్రాంతమున, అనగా పదునాలుగేండ్ల వయస్సున, తెరమీద కనిపించెను. ఆ రోజులలో నటునకు పాట రావలెను, పద్యము రావలెను, పిలిచిన వెంటనే ఏ వేషమునకైనను సిద్ధముగా నుండవలెను. ఆ పాఠశాలలో అతడు చదువుకొనెను.

1950లో విజయావారి షావుకారు చిత్రమున అతడు కనిపించెను. 1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వెలువడిన పాతాళభైరవిలో సదాజపుడను శిష్యుని పాత్ర అతనికి లభించెను. ఆ చిత్రమున నేపాళ మాంత్రికుడు ఎస్. వి. రంగారావు. ఆయన ఆకారము, కంఠము, చూపు చూచి పిల్లలు జడిసికొనిరి. అంతటి భీకరమూర్తి ప్రక్కన, గురువు చెప్పినది సగము అర్థమై సగము కాక బిత్తరచూపులు చూచు ఈ బక్కశిష్యుని నిలిపిరి. గురువు ఎంత భయపెట్టునో శిష్యుడంత నవ్వించును. చచ్చిపడిన గురువును సంజీవనితో బ్రతికించి కథను మరల మలుపు త్రిప్పినవాడును ఈ అమాయకుడే. రసముల పొత్తు ఎట్లుండవలెనో తెలియుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము అరుదు. భయానకము లేనిచో ఆ హాస్యము పండదు, హాస్యము లేనిచో ఆ భయానకమును గంటలకొలది ఎవరును భరింపలేరు.

అటుపిమ్మట సుమారు ఇరువదియేండ్లపాటు పద్మనాభము లేని చిత్రములు తక్కువ. ఆనాటి తెలుగు చిత్రములలో హాస్యమునకు ఒక కట్టుబాటుండెడిది. కథానాయకునకు ఒక మిత్రుడు, కథానాయికకు ఒక చెలికత్తె, వారికి వేరుగా ఒక చిన్న ప్రేమకథ, ఒక పాట. సంస్కృత నాటకములలో రాజు ప్రక్కన విదూషకుడు నిలిచిన చోటనే ఇక్కడ హాస్యనటుడు నిలిచెను. విదూషకుడు బ్రాహ్మణుడయ్యును సంస్కృతము గాక ప్రాకృతము పలుకును. అట్లే తెరమీద నాయకుడు మంచి గ్రాంథిక వాక్యములు పలుకుచుండగా, హాస్యనటుడు ఊరిభాష మాటలాడును. ప్రేక్షకునకు అతడే దగ్గరి చుట్టము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల చుట్టునున్న పల్లెలవారు బండ్లు కట్టుకొని టాకీసులకు పోయిన కాలమున, తిరుగుదారిలో తలచుకొని తలచుకొని నవ్వుకొన్నది ఇట్టివారి మాటలనే.

కాని ఆ దగ్గరి చుట్టమునకు ఇంటిలో పెత్తనము లేదు. కథ ఏదో, దానిని ఎట్లు చెప్పవలెనో నిర్ణయించువాడు దర్శకుడు. ఏ కథకు సొమ్ము పెట్టవలెనో నిర్ణయించువాడు నిర్మాత. హాస్యనటుడు పిలిచిననాడు వచ్చి, నవ్వించి, తన ప్రతిఫలము పుచ్చుకొని పోవలెను. ఈ హద్దును దాటదలచిన హాస్యనటులు పద్మనాభమునకు ముందును లేకపోలేదు. కస్తూరి శివరావు 1949లో గుణసుందరి కథయందు దైవాధీనము పాత్ర ధరించి హాస్యనటుడే కథానాయకుడు కాగలడని నిరూపించెను. మరుసటి యేడు, అనగా 1950లో, పరమానందయ్య శిష్యులు అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. రేలంగి వెంకటరామయ్య 1960లో సమాజము అను చిత్రమును నిర్మించెను. 1970లో ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించెను. ఆ త్రోవనే పద్మనాభము మరికొంత దూరము నడచెను.

మిత్రుడు వల్లము నరసింహారావుతో కలసి అతడు రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ అను సంస్థను స్థాపించెను. మొదట నాటకములు ప్రదర్శించి, పిదప చిత్రనిర్మాణమునకు పూనుకొనిరి. 1965లో వెలువడిన దేవత వారి తొలి చిత్రము. దర్శకుడు కె. హేమాంబరధరరావు, నాయికానాయకులు సావిత్రి, ఎన్. టి. రామారావు, సంగీతము ఎస్. పి. కోదండపాణి. ఇక్కడ గమనింపదగిన విశేషమొకటి కలదు. సొమ్ము తనది, సంస్థ తనది, అయినను పద్మనాభము కథాభారమును సావిత్రి రామారావుల భుజములమీద నుంచి, తాను హాస్యమునకే పరిమితుడయ్యెను. చేతికి పెత్తనము వచ్చిన మొదటి దినముననే తనను తాను నాయకునిగా ప్రకటించుకొనకుండుట వివేకవంతుని లక్షణము. మరుసటి సంవత్సరము, 1966లో, పొట్టి ప్లీడరు వచ్చెను. అందు హాస్యనటుడు ముందు వరుసకు వచ్చెను.

1967లో శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న వెలువడెను. మర్యాద రామన్న తీర్పుల కథలు ముద్రణాలయములు రాకముందే తెలుగువారి నాలుకలమీద నున్నవి. బుద్ధిబలముతో చిక్కువ్యాజ్యములను విప్పు ఆ రామన్న వేషమును పద్మనాభమే ధరించెను. ఆ చిత్రము మనకు ఇచ్చిన మరియొక కానుక ఉన్నది. మద్రాసులో ఇంజనీరింగు చదువుచుండిన ఒక నెల్లూరు ప్రాంతపు యువకుని పాటల పోటీలో విని, కోదండపాణి మెచ్చుకొని, ఈ చిత్రమునకు పాడించెను. 1966వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన ఆ పాట ముద్రితమయ్యెను. ఆ యువకుడే ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము. క్రొత్తకంఠము నమ్మి సొమ్ము పెట్టుట నిర్మాతకు సాహసము. పేరుగల గాయకులు అందుబాటులో నుండగా, ఊరు పేరు తెలియని విద్యార్థిచే పాడించుటకు సంగీత దర్శకుడు కోరినను, నిర్మాత వలదన్నచో ఆ పాట అంతటితో సరి. పద్మనాభము వలదనలేదు. ఆ తరువాత ఆ కంఠము అర్ధశతాబ్దమునకు పైగా దక్షిణదేశమంతట మ్రోగినది. తనను వెలికితెచ్చిన గురువుమీది కృతజ్ఞతతో బాలసుబ్రహ్మణ్యము తరువాతి కాలమున తన రికార్డింగు శాలకు కోదండపాణి పేరు పెట్టెను.

అటుపిమ్మట పద్మనాభము దర్శకుని ఆసనమునను కూర్చుండెను. 1960 దశకము కడపటి భాగమున శ్రీరామకథకు, 1970లో కథానాయిక మొల్లకు, 1971లో జాతకరత్న మిడతంభొట్లుకు అతడే దర్శకుడు. అతని మనస్సులో ఏ సంకల్పముండెనో చూచినవారెవరు? కాని మనుష్యుని కోరికను అతడు తన కష్టార్జితమును దేనికి వెచ్చించెనో దానినిబట్టి తెలిసికొనవచ్చును. మర్యాద రామన్న, మొల్ల, మిడతంభొట్లు. ఈ మూడు పేర్లను ఒకచోట వ్రాసి చూడుడు. మూడును మన అరుగులమీద, చావళ్లలో, తిరుగలి ప్రక్కన పుట్టి పెరిగిన పేర్లే. నవ్వించు నటుడు తన చేతికి అధికారము వచ్చిన వెంటనే పరుగెత్తినది పరదేశపు కథలవైపు గాదు, అమ్మమ్మల కథలవైపు.

వానిలో మొల్ల విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మొల్ల కుమ్మరివారి ఆడబిడ్డ, కేసన కూతురు. గోపవరపు శ్రీకంఠ మల్లేశుని కృపవలన తనకు కవిత్వము అబ్బినదని ఆమె తన రామాయణమున వినయముతో చెప్పుకొన్నది. పండితులకు మాత్రమే తెలియు శబ్దములను పేర్చినచో మూగ చెవిటివారి సంభాషణవలె నుండునని ఆమె అభిప్రాయము. కావుననే ఆమె రామాయణము కొద్దిపాటి చదువుగల వారికిని అందును. రాజాస్థానమున చోటులేని కులమున పుట్టి, స్త్రీయై, కావ్యరచనకు పూనుకొన్న ఆమె కథను తెరకెక్కింపవలెనన్న తలంపు చిత్రసీమలో తక్కువ ఆసనముమీద కూర్చుండబెట్టబడిన ఒక హాస్యనటునకు కలిగినది. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. వెనుక వరుసలో నిలుచున్నవానికే వెనుక వరుసలోనివారి ముఖములు కనిపించును.

మొల్ల పాత్రను వాణిశ్రీ ధరించెను. ఆమె అప్పటికి శృంగార నాయికగా పేరు సంపాదించుచున్న నటి. ఆమెకు కుమ్మరి కన్య వేషము, కవయిత్రి వేషము, సన్న్యాసినీ గాంభీర్యము ఇచ్చుట దర్శకుని ధైర్యమునకు గుర్తు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1964 నుండి ఇచ్చుచుండిన నంది బహుమతులలో 1970వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా కథానాయిక మొల్లకు బంగారు నంది లభించెను. ఒక హాస్యనటుడు నిర్మించి, దర్శకత్వము వహించిన గంభీర చిత్రమునకు రాష్ట్రప్రభుత్వపు మేటి బహుమతి వచ్చుట అతని జమ పుటలో నిలిచిన పెద్ద అంకె.

జమ పుటను చూచినాము. ఖర్చు పుటను కూడ చూడవలెను. ఒక ప్రక్కనే చదివిన లెక్క లెక్క కాదు.

చిత్రనిర్మాణపు సొమ్ము ఎట్లు వచ్చునో, ఎట్లు పోవునో తెలియని వారికి రెండు మాటలు చెప్పుట అవసరము. ఆ రోజులలో నిర్మాత తన చేతిసొమ్ము కొంత పెట్టును. వడ్డీకి కొంత తెచ్చును. మిగిలినది పంపిణీదారుల వద్ద బయానాగా గైకొనును. తెలుగుదేశము వారి లెక్కలో మూడు భాగములు: ఆంధ్ర, సీడెడ్, నైజాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల టాకీసులు నైజాం భాగములోనివి. చిత్రము ఆలస్యమైన కొలది వడ్డీ పెరుగును. నటుని తేదీ ఒకటి తప్పినచో సెట్టు అద్దె పెరుగును. అప్పిచ్చినవారికి పూచీ ఏది? పొలము తాకట్టు పెట్టిన రైతు ఆ పొలమునే దున్నినట్లు, నిర్మాత తాను తీయుచున్న చిత్రపు నెగటివునే తాకట్టు పెట్టును. చిత్రము విడుదలై సొమ్ము రానిచో నెగటివు విడిపింపబడదు. అప్పుడు కష్టము తనది, పేరు తనది, హక్కు మాత్రము పరులది. రైతు ఎరుగని కథ కాదిది. వాన రాని యేడు అప్పు పెరిగినట్లే ప్రేక్షకుడు రాని వారము అప్పు పెరుగును.

పద్మనాభమునకును ఇట్టి అనుభవము తప్పలేదు. చిత్రనిర్మాణమున వచ్చిన నష్టములు, అప్పులు అతడు నటనవలన సంపాదించినదానిని హరించెను. అదే కాలమున రాజబాబు మొదలగు క్రొత్త హాస్యనటులు ముందునకు వచ్చిరి. వేషములు తగ్గెను. అయినను అతడు వృత్తిని విడువలేదు. తక్కువ వేషమైనను ధరించెను, నాటకములాడెను, వార్ధక్యమునను తెరమీద కనిపించెను. 2010వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన చెన్నై నగరమున గుండెపోటుతో పరమపదించెను. అప్పటికి వయస్సు డెబ్బది యెనిమిది సంవత్సరములు. అందు అరువదియేండ్లకు పైగా ముఖమునకు రంగు వేసికొనిన జీవితమది.

ఇట్టి కథ మన దేశమునకే పరిమితము కాదు. ఐరోపా ఖండమున ఫ్రాన్సు దేశములో జాక్ తాతి అను హాస్యనటుడుండెను. 1907లో జన్మించి, నోటిమాట లేకుండ దేహముతోనే నవ్వించు మూకాభినయమున పేరుగాంచి, పిదప తన చిత్రములకు తానే దర్శకుడయ్యెను. 1949లో వెలువడిన అతని తొలి పెద్ద చిత్రమునకు పండుగ దినము అని అర్థము వచ్చు పేరు. అందు అతడు పల్లెటూరి తపాలా బంట్రోతు. ఊరి జాతరలో అమెరికా దేశపు తపాలావారి వేగమును గూర్చిన సినిమా చూచి, తానును అంత వేగముగా ఉత్తరములు పంచవలెనని పాతసైకిలుమీద ఊరంతయు తిరిగి అల్లరి పాలగును. మన ఊరి తపాలా బంట్రోతును ఎరిగిన వారందరును ఆ కథకు నవ్వగలరు. పిదప హ్యులో అను పేరుగల పొడుగుపాటి అమాయకుని పాత్రను సృష్టించి, 1953లోను 1958లోను రెండు చిత్రములు తీసెను. 1958 నాటి చిత్రమునకు అమెరికావారి ఆస్కారు బహుమతి లభించెను.

ఇంతటి కీర్తి వచ్చిన పిదప తాతి ఊరకుండలేదు. అద్దాల మేడలతో నిండిన నేటి నగరములో మనుష్యుడెట్లు త్రోవ తప్పుచున్నాడో చూపుటకై ప్యారిసు శివారులో ఒక కృత్రిమ నగరమునే కట్టించి, ఏండ్లకొలది శ్రమించి, ప్లేటైమ్ అను చిత్రమును తీసెను. 1967లో అది విడుదలయ్యెను. ప్రేక్షకులు తమకు తెలిసిన హ్యులోను మరల చూడగోరి వచ్చిరి. తాతి మాత్రము హ్యులోను జనసమూహములో ఒకనిగా నిలిపి, నగరమునే కథానాయకునిగా చేసెను. వారు పెదవి విరిచిరి. తాతి అప్పులపాలయ్యెను. అతని పూర్వ చిత్రముల హక్కులు సైతము చేజారెను. 1982లో అతడు మరణించెను. మర్యాద రామన్న మనకు వచ్చిన సంవత్సరమును, ప్లేటైమ్ ప్యారిసులో వచ్చిన సంవత్సరమును 1967యే. నాగార్జునసాగరము నీరు కాలువలలోనికి వదలబడి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములకు మాగాణి ఆశ కలిగిన సంవత్సరమును అదియే. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు హాస్యనటులు, ఒకే కాలమున, ఒకే విధమైన పందెము ఒడ్డిరి.

దూరదేశమువరకు పోవలసిన పనియు లేదు. కోదాడ ప్రక్కన గుడిబండ గ్రామమున 1923లో జన్మించిన తాడేపల్లి లక్ష్మీకాంతారావును ఎరుగనివారు ఈ సభలో నుండరు. 1951లో నిర్దోషితో చిత్రరంగమున ప్రవేశించి, జానపద చిత్రములలో కత్తి పట్టిన కాంతారావుగా, పౌరాణికములలో నారదునిగా ఇంటింట వెలసెను. ఆయన హాస్యనటుడు గాడు. అయినను ఆయన జీవితమును ఇదే త్రోవ త్రొక్కెను. హంస సంస్థ పేర 1969లో సప్తస్వరాలు, గండర గండడు మొదలగు చిత్రములు నిర్మించి నష్టపడి, గుడిబండలోని భూములు అమ్ముకొనెను. 2009వ సంవత్సరము మార్చి 22వ తేదీన హైదరాబాదులో కన్ను మూసెను. తెరమీద రాజ్యములు జయించిన వాడు నేలమీద పట్టా పుస్తకములో పేరు పోగొట్టుకొనెను.

ఇక కోదాడ పట్టణమున పుట్టిన వేణుమాధవ్ నిన్న మొన్నటివాడు. ధ్వన్యనుకరణముతోను, చేతబొమ్మను మాటలాడించు విద్యతోను వేదికలమీద జనమును నవ్వించి, 1996లో సంప్రదాయము చిత్రముతో తెరకెక్కెను. 2005లో హంగామా చిత్రమున అలీతో కలసి కథానాయకుడయ్యెను. 2006లో వెలువడిన లక్ష్మి చిత్రమునకు ఉత్తమ హాస్యనటునిగా నంది బహుమతి పొందెను. నవ్వుతో వచ్చిన సొమ్మును నవ్వుమీదనే పెట్టి ప్రేమాభిషేకము అను చిత్రమును తానే నిర్మించెను. 2019వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన నడివయస్సులోనే గతించెను. సరిగా ఒక సంవత్సరమునకు, 2020 సెప్టెంబరు 25వ తేదీననే, పద్మనాభము తొలిపాట పాడించిన బాలసుబ్రహ్మణ్యమును గతించెను. కాలము ఇట్టి తేదీలను ఎందులకు కలుపునో మనకు తెలియదు.

ఈ కథలన్నియు వినిన లోకజ్ఞుడు ఒక ప్రశ్న వేయును. “ఎవరు చేయమనిరి? సంపాదించినదానితో ఇల్లు కట్టుకొని సుఖముగ నుండరాదా? రేలంగి తాడేపల్లిగూడెములో సినిమాహాలు కట్టుకొనలేదా?” ఈ ప్రశ్న త్రోసివేయదగినది గాదు. భార్యాబిడ్డలు గలవాడు అప్పుచేసి కీర్తి కొనవలెనని ఎవరును ఉపదేశింపరాదు. రేలంగి వివేకము గౌరవింపదగినదే. కళకొరకు కూలిపోవుటయే గొప్పయని చెప్పు మాటలు, కూలినవాని ఇంట పొయ్యిని చూడనివారి మాటలు.

అయినను ఆ ప్రశ్నకు మరియొక ప్రక్క ఉన్నది. తెలిసిన నవ్వునే మరల మరల కోరి, తెలియని కథ చెప్పబోయినప్పుడు ముఖము త్రిప్పుకొనువారు ఎవరు? ప్రేక్షకులే. హాస్యనటుడు పేడమీద జారిపడిన నవ్వుదుము. అతడే మొల్ల కథ చెప్పెదనన్నచో, వీనికి ఎందులకీ పని యందుము. కావున అతని ఖర్చులో ప్రేక్షకులకును వాటా కలదు. ఆ వాటాను సొమ్మురూపమున ఎవరును ఇప్పుడు చెల్లింపలేరు. అప్పిచ్చినవారు, అప్పు తీసికొన్నవారు కూడ వెడలిపోయిరి. మిగిలినది జ్ఞాపకమొక్కటే. దానిని చెల్లించుట చదువరుల చేతిలో నున్నది, గ్రంథాలయముల చేతిలో నున్నది.

తాతి కథకు ఒక ఉపసంహారము కలదు. అతని పండుగ దినము చిత్రమును వర్ణచిత్రముగా కూడ చిత్రీకరించిరి. కాని నాటి రంగుల పద్ధతి విఫలమగుటచే అది తెలుపు నలుపులలోనే విడుదలయ్యెను. రంగుల నెగటివు అట్లే పడియుండెను. తండ్రి పోయిన పిదప కుమార్తె దానిని వెదకి, బాగుచేయించి, 1995లో రంగులతో విడుదల చేయించెను. ప్లేటైమ్‌ను 2002లో పునరుద్ధరించిరి. తన కాలమున అప్పుల పాలుచేసిన చిత్రమే నేడు అతని కృతులలో మేటిదిగా పలువురచే ఎన్నబడుచున్నది. జ్ఞాపకముంచుకొను వారుండినచో, పోయిన లెక్క తిరిగి జమకు రాగలదు.

మన తెలుగు చిత్రములలో ఎన్నియో నేడు చూచుటకు దొరకవు. కాని వాని పాటలపుస్తకములు కొన్ని ఇండ్లలో, ట్రంకుపెట్టెల అడుగున, అటకలమీద ఇంకను ఉన్నవి. టాకీసు వాకిట అణాలకు కొన్న ఆ చిన్న పుస్తకములలో కథాసంగ్రహముండును, నటీనటుల పేర్లుండును, పాటలు వ్రాసినవారి పేర్లుండును. వానిని చెదలకు వదలక గ్రంథాలయమునకు ఇచ్చినచో, ఒక అరలో పెట్టి, ఒక చిట్టాలో వ్రాసి కాపాడవచ్చును. మొల్ల రామాయణము ఏ బీరువాలో నున్నదో, కథానాయిక మొల్ల పాటలపుస్తకము ఆ బీరువాలోనే ఉండుట అనుచితము గాదు. మొదటిది చదివినవాడు రెండవదానిని చూచును. రెండవదాని కొరకు వచ్చిన పిల్లవాడు మొదటిదానిని చేతబట్టును. పాఠకుని పుస్తకము వద్దకు తెచ్చు త్రోవలలో నవ్వుత్రోవ అన్నిటికన్న దగ్గరిది.

మరియొక చిన్న విన్నపము. ఊరిలోనికి ఇంకను పగటివేషగాండ్రు వచ్చుచుందురు, నాటకములాడు బీదకుటుంబములు వచ్చుచుండును. వారికి ఇచ్చు గింజలో, నోటో, బిచ్చమువలె విసరక చేతికి ఇండు. నవ్వించినందుకు కూలి యని ఎంచి ఇండు. పగలంతయు శ్రమించి ఊరిని నవ్వించినవాడు సాయంకాలము తలవంచుకొని పోరాదు.

ఈ బీరువాలలో గాంభీర్యమునకు, నవ్వునకు సమానమైన చోటు లభించుగాక!